యాప్ పెట్టే ఒకే ప్లాట్‌ఫారం గురించి ఒకరు సూపర్ అని, ఇంకొకరు వేస్ట్ అని ఎందుకంటారు?

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో వెబ్ యాప్ తయారు చేసే పిల్లల్ని, దాన్ని ఎక్కడ డిప్లాయ్ చేయాలి, అంటే నెట్‌లో అందరూ వాడేలా ఎక్కడ పెట్టాలి అని అడిగి చూడండి. ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లు అలా పెట్టుకోనిచ్చే ఒక ప్లాట్‌ఫారం పేరు చెప్పి, పది నిమిషాల్లో లైవ్ అయిపోతుంది, పైసా ఖర్చు లేదు అంటారు. అదే ప్లాట్‌ఫారం మీద ఎరువుల దుకాణానికో, బత్తాయి కొనే వ్యాపారికో యాప్ పెట్టి నడుపుతున్న అబ్బాయిని అడిగితే దాని జోలికే పోవద్దు అంటాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ప్రాజెక్ట్ చూపించేవాడు ఎగ్జామినర్ ముందు పావుగంట నడిస్తే చాలనుకుంటాడు, దుకాణం వాడికి మాత్రం పొద్దున ఏడింటికి షట్టర్ తీయగానే తెరుచుకోవాలి, నిన్నటి బాకీలు నిన్నటిలాగే కనిపించాలి. కాబట్టి ఎవరి అనుభవమైనా వినేటప్పుడు యాప్ ఏంటి, ఎవరు వాడతారు, ఏ ప్లాన్ మీద ఉంది అన్న మూడు విషయాలు తెలియకపోతే ఆ మాటతో మనకు పెద్దగా ఉపయోగం ఉండదు.

ముందు ఈ ప్లాట్‌ఫారాలు మన తరఫున ఏం పని చేస్తాయో చూద్దాం. పాత పద్ధతిలో ఒక సర్వర్, అంటే ఎప్పుడూ నెట్‌లో ఉండే కంప్యూటర్, అద్దెకు తీసుకుని, అందులో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం సెట్ చేసి, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాష, సమాచారం దాచే డేటాబేస్, వెబ్ సర్వర్ అన్నీ మనమే ఎక్కించి, సెక్యూరిటీ అప్‌డేట్లు మనమే చూసుకుని, రాత్రి రెండింటికి ఆగిపోతే మనమే లేచి మళ్లీ ఆన్ చేయాలి. 2007లో అమెరికాలో మొదలైన హెరోకు అనే ప్లాట్‌ఫారం ఈ బరువంతా తీసేసింది. గిట్ (కోడ్ మార్పులు దాచి పంపే టూల్)లో గిట్ పుష్ అని ఒక్క కమాండ్ కొడితే మీ కోడ్ వాళ్ల దగ్గరికి వెళ్తుంది, అందులో రిక్వైర్‌మెంట్స్ ఫైలు ఉంటే పైథాన్ అని, ప్యాకేజ్ జేసన్ అనే ఫైలు ఉంటే నోడ్ (జావాస్క్రిప్ట్) అని అదే కనిపెట్టి, కావలసిన లైబ్రరీలు (ముందే రాసి ఉన్న కోడ్) దించుకుని, మొత్తాన్ని ఒక ప్యాకెట్‌గా కట్టి, చిన్న కంటైనర్‌లో, అంటే సర్వర్‌లో ఆ యాప్‌కి విడిగా ఇచ్చిన చిన్న అరలో నడిపిస్తుంది. మొదట్లో రూబీ భాష ఒక్కటే ఉండేది, 2010లో సేల్స్‌ఫోర్స్ అనే కంపెనీ హెరోకుని కొనేసింది, 2011 నుంచి జావా, పైథాన్, నోడ్ కూడా వచ్చాయి. తర్వాత వచ్చిన రెండర్, రైల్వే, ఫ్లై, వెర్సెల్ లాంటి ప్లాట్‌ఫారాలన్నీ కొంచెం అటూ ఇటూగా ఈ ఆలోచన మీదే నడుస్తున్నాయి.

ఈ ఏర్పాటులో ఒక షరతు ఉంది, చాలామంది దాన్ని చదవకుండానే దాటేస్తారు. మీ యాప్ నడిచే కంటైనర్ శాశ్వతం కాదు. ప్లాట్‌ఫారం దాన్ని ఎప్పుడైనా ఆపేయొచ్చు, ఇంకో మెషిన్ మీద కొత్తగా మొదలుపెట్టొచ్చు. హెరోకు అయితే రోజుకు ఒకసారైనా రీస్టార్ట్ చేస్తామని డాక్యుమెంటేషన్‌లోనే రాసింది. సర్వర్ పాడైనా మన యాప్ వెంటనే వేరే చోట లేచి నిలబడటం ఈ షరతు వల్లే సాధ్యమవుతుంది. జనం పడే తిప్పల్లో చాలా కూడా ఇందులోంచే వస్తాయి.

మొదటిది నిద్ర. ఉచిత ప్లాన్‌లో యాప్‌కి కాసేపు ఎవరూ రాకపోతే దాన్ని ఆపేస్తారు. రెండర్‌లో ఇది 15 నిమిషాలు, ఒకప్పుడు హెరోకు ఉచిత ప్లాన్‌లో 30 నిమిషాలు ఉండేది. మళ్లీ ఎవరైనా తెరిస్తే కంటైనర్‌ని మొదటి నుంచి లేపాలి, రెండర్‌లో దానికి దాదాపు నిమిషం పడుతుంది. డెవలపర్‌కి ఇది కనపడదు, ఎందుకంటే టెస్ట్ చేసేటప్పుడు రెండు నిమిషాలకోసారి తనే తెరుస్తుంటాడు కాబట్టి యాప్ ఎప్పుడూ మెలకువగానే ఉంటుంది. దుకాణం యజమానికి మాత్రం రోజూ పొద్దున మొదటిసారి తెరిచినప్పుడు తెల్ల స్క్రీన్ మీద గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, ఆయన పావు నిమిషం చూసి వెనక్కి వచ్చేసి ఫోన్ చేస్తాడు: "తమ్మీ, నీ యాప్ ఖరాబైంది, జర చూడు." ఈ అబ్బాయి తీసేసరికి అది లేచి ఉంటుంది. నాకు బాగానే వస్తోంది కదన్నా అంటాడు. ఇద్దరి మధ్య మాట మాట పెరుగుతుంది, అసలు కారణం మాత్రం ఎవరికీ తట్టదు.

దీనికి చాలామంది చెప్పుకునే చిట్కా ఏంటంటే, పది నిమిషాలకోసారి ఏదో ఒక సర్వీసుతో యాప్‌ని తట్టిస్తూ ఉండటం. ఒక్క యాప్ అయితే లెక్క సరిపోతుంది. రెండర్ నెలకు 750 గంటలు ఉచితంగా ఇస్తుంది, 31 రోజుల నెలలో ఉండేవి 744 గంటలే. కానీ అదే వర్క్‌స్పేస్‌లో (ఖాతాలో) రెండో యాప్‌ని కూడా ఇలాగే మెలకువగా ఉంచితే రోజుకు 48 గంటలు ఖర్చవుతాయి, అంటే నెల 16వ తేదీకల్లా గంటలు అయిపోయి, వచ్చే నెల ఒకటో తారీఖు దాకా రెండూ ఆగిపోతాయి. నెల మధ్యలో ఏ కారణం లేకుండా యాప్ పోయింది అని వాపోయేవాళ్లలో కొందరి కథ ఇదే. మీ యాప్ మీద ఒకరి వ్యాపారం నడుస్తుంటే ఇలాంటి చిట్కాలు వద్దని నా గట్టి అభిప్రాయం. నెలకు 7 డాలర్ల ప్లాన్ తీసుకోండి, నిద్ర సమస్య అక్కడితో పోతుంది.

రెండోది ఇంకా బాధ పెట్టేది, డేటా పోవడం. మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు అనుకోండి. వడ్ల లారీ గేటు దగ్గరికి రాగానే గుమస్తా ఫోన్‌లో బండి నంబరు, కాంటా తూకం, తేమ శాతం ఎక్కిస్తాడు, ఒక ఫొటో కూడా తీస్తాడు. యాప్ రాసిన అబ్బాయి జాంగో (పైథాన్‌లో వెబ్ యాప్‌లు రాసే సాధనం) వాడాడు, అందులో మొదటి నుంచే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఉంటుంది, అంటే మొత్తం సమాచారం యాప్ పక్కనే ఒక ఫైల్‌లో కూర్చుంటుంది. ల్యాప్‌టాప్‌లో నెలల తరబడి బాగా నడిచింది. క్లౌడ్‌లో పెట్టాక సాయంత్రం దాకా ఎంట్రీలు పడ్డాయి, రాత్రి ఒక బటన్ రంగు మార్చి మళ్లీ డిప్లాయ్ చేశాడు, పొద్దున చూస్తే ఒక్క లారీ కూడా లేదు. లాడ్జి గదిలో సామాను పెట్టి ఖాళీ చేసి వెళ్లి, మర్నాడు అదే నంబరు గది ఇచ్చారు కదా అని సామాను వెతికినట్టు ఉంటుంది ఈ పరిస్థితి. కొత్త డిప్లాయ్ అంటే కొత్త కంటైనర్, పాతదానిలో రాసుకున్న ఫైళ్లన్నీ దానితోపాటే పోతాయి. డిప్లాయ్ చేయకపోయినా రీస్టార్ట్ అయితే చాలు, పోయినట్టే.

ఇక్కడ చాలాసార్లు యాప్ క్రాష్ అవదు, ఎర్రర్ రాదు, డేటా పోయిందని లాగ్‌లో (యాప్ నడుస్తుండగా పడే చిట్టాలో) కూడా ఉండదు. అందుకే హ్యాక్ అయిందనో, గుమస్తా డిలీట్ చేశాడనో ముందు అనుమానాలు మొదలవుతాయి. సమాచారం ఎప్పుడూ వేరే డేటాబేస్ సర్వీసులో ఉండాలి, ఫొటోలు వేరే స్టోరేజీలో ఉండాలి, లేదా డబ్బు కట్టి ఆ యాప్‌కి శాశ్వత డిస్క్ తగిలించుకోవాలి. అలా వేరే డేటాబేస్ పెట్టుకున్నవాళ్లకీ ఉచితంలో ఇంకో గడువు ఎదురవుతుంది. రెండర్ ఇచ్చే ఉచిత పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి, తయారు చేసిన 30 రోజులకు గడువు ముగుస్తుంది, దానికి బ్యాకప్‌లు కూడా ఉండవు. సూపాబేస్ అనే ఇంకో డేటాబేస్ సర్వీసులో ఉచిత ప్రాజెక్ట్‌ని వారం రోజులు ఎవరూ వాడకపోతే ఆపి పెడతారు, మనమే వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి. సెలవుల ముందు ప్రాజెక్ట్ పెట్టి, సెలవుల తర్వాత వైవాలో తెరిచే పిల్లలకు ఈ గడువులన్నీ ఒకేసారి తగులుతాయి.

లారీల సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి కూడా. ఈ సర్వర్లన్నీ మామూలుగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైంలో నడుస్తాయి, మన టైం దానికి ఐదున్నర గంటలు ముందు. కోతల సీజన్‌లో లారీలు రాత్రంతా వస్తూనే ఉంటాయి. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున ఐదున్నర లోపు ఎక్కించిన ప్రతి ఎంట్రీ, కోడ్‌లో టైం జోన్ చెప్పకపోతే, ముందు రోజు తారీఖులో పడుతుంది. గుమస్తా పుస్తకంలో రాసుకున్న లెక్కకీ యాప్ చూపించే రోజువారీ లెక్కకీ తేడా వస్తుంది, రోజూ వేరే వేరే తేడా వస్తుంది, ఎందుకంటే ఆ ఐదున్నర గంటల్లో ఎన్ని బండ్లు వచ్చాయన్నదాని మీద అది ఆధారపడి ఉంటుంది. ల్యాప్‌టాప్ గడియారం మన టైంలోనే ఉంటుంది కాబట్టి ఇంట్లో టెస్ట్ చేస్తే ఈ తప్పు చాలాసార్లు దొరకదు. కోడ్‌లో ఏషియా కోల్‌కతా అని టైం జోన్ పెట్టుకోవడం ఒక్క లైను పని.

మొదటిసారి డిప్లాయ్ చేసేటప్పుడు వచ్చే తలనొప్పులు వేరు, అవి భయపెడతాయి గానీ త్వరగా తీరిపోతాయి. యాప్‌లో పోర్ట్ (రిక్వెస్టులు లోపలికి వచ్చే తలుపు నంబరు) 3000 అని మారకుండా రాసేస్తారు, ప్లాట్‌ఫారం ఇంకో పోర్ట్ నంబరు ఇచ్చి అక్కడ వినమంటుంది, యాప్ వినదు, నిమిషం చూసి అది ఆపేస్తుంది. అడ్రస్‌గా లోకల్‌హోస్ట్ (అంటే ఈ మెషిన్ లోపలే) అని పెడితే బయటి రిక్వెస్ట్ లోపలికి రాదు, 0.0.0.0 అని పెట్టాలి. విండోస్‌లో ఫైలు పేరులో పెద్దక్షరం చిన్నక్షరం తేడా పట్టించుకోదు, లైనక్స్ పట్టించుకుంటుంది, అందుకే నా సిస్టంలో నడిచిన యాప్ అక్కడ ఫైలు లేదంటోంది అని టెన్షన్ పడతారు. పాస్‌వర్డ్‌లున్న ఎన్వ్ ఫైలు గిట్‌లోకి ఎక్కకూడదు, ఆ విలువలన్నీ ప్లాట్‌ఫారం డాష్‌బోర్డ్‌లో విడిగా పెట్టాలి. ఇవన్నీ డిప్లాయ్ అవుతుండగా పడే లాగ్‌లు కింద నుంచి పైకి ఓపికగా చదివితే దొరుకుతాయి.

నెమ్మదిగా ఉంది అనే ఫిర్యాదు మాత్రం అంత తేలిగ్గా తేలేది కాదు, దాని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. నల్గొండ నుంచి అమెరికా పడమటి తీరంలో ఉన్న ఓరెగాన్ దాకా నేరుగా గీత గీసినా 12 వేల కిలోమీటర్ల పైన ఉంటుంది, పోయి రావడానికి లెక్క ప్రకారమే 120 మిల్లీసెకన్లు దాటుతుంది, కేబుళ్లు చుట్టూ తిరిగి వస్తాయి కాబట్టి నిజానికి అంతకు దాదాపు రెట్టింపు పడుతుంది. రెండర్‌కి ఓరెగాన్, ఒహాయో, వర్జీనియా, ఫ్రాంక్‌ఫర్ట్, సింగపూర్ రీజియన్లు (సర్వర్లున్న చోట్లు) ఉన్నాయి, మనకు దగ్గరది సింగపూర్. రీజియన్ ఎంచుకునే చోట ఏది వస్తే అది ఉంచేసి ముందుకు పోతే యాప్ అమెరికాలో కూర్చుంటుంది, తర్వాత ఆ సర్వీసు రీజియన్ మార్చడం కుదరదు, కొత్తగా మళ్లీ పెట్టుకోవాలి.

అయినా పావు సెకను ఆలస్యం ఎవరికీ పెద్దగా తెలియదు. తెలిసేది ఎప్పుడంటే యాప్ ఒక చోట, డేటాబేస్ ఇంకో చోట ఉన్నప్పుడు. వెర్సెల్‌లో పేజీలు మనకు దగ్గర్లోని సర్వర్ నుంచే వస్తాయి కాబట్టి చాలా వేగంగా కనిపిస్తాయి, కానీ దాని ఫంక్షన్లు (డేటాబేస్‌తో మాట్లాడే కోడ్) మనం మార్చకపోతే వాషింగ్టన్ డీసీ రీజియన్‌లో నడుస్తాయి. ఎవరో చెప్పారని డేటాబేస్‌ని ముంబైలో పెట్టారనుకోండి. మిల్లు డాష్‌బోర్డ్ తెరవడానికి 20 క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) ఒకదాని తర్వాత ఒకటి వెళ్తాయి, ఒక్కోదానికి పోయి రావడానికి 200 మిల్లీసెకన్లు వేసుకున్నా 4 సెకన్లు అయింది. వాడేవాడు నల్గొండలో ఉన్నాడు, డేటాబేస్ ముంబైలో ఉంది, అయినా ప్రతి క్వెరీ అట్లాంటిక్ దాటి వస్తోంది. ఈ స్థితిలో ఉన్న మనిషి ప్లాట్‌ఫారం వేస్ట్ అనే అంటాడు, ప్లాన్ పెంచి ఎక్కువ డబ్బు కూడా కడతాడు, అయినా అర సెకను కూడా తగ్గదు. ఫంక్షన్ రీజియన్‌ని ముంబైకి మారిస్తే అదే కోడ్ అదే ప్లాన్‌లో ఎగిరినట్టు నడుస్తుంది. యాప్, డేటాబేస్ పక్కపక్కన ఉండాలి, ఆ జత మనకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

మెమరీ సంగతి కూడా ఇలాగే అపార్థమవుతుంది. చిన్న ప్లాన్లలో 512 ఎంబీ ఉంటుంది. సీజన్ మొత్తం ఎంట్రీలను ఒకేసారి మెమరీలోకి తెచ్చి ఎక్సెల్‌గా మార్చే బటన్ ఉంటే, మొదటి నెలలో బాగానే నడుస్తుంది, డేటా పెరిగే కొద్దీ బరువెక్కి ఒక రోజు పడిపోతుంది. హెరోకులో మెమరీ హద్దు దాటితే ఆర్14 అని లాగ్‌లో పడుతుంది, 30 సెకన్లలో జవాబు ఇవ్వకపోతే హెచ్12 అని పడుతుంది. ఈ రెండు కోడ్‌లు గుర్తుపట్టగలిగితే చాలా వాదనలు తప్పుతాయి. మెమరీ నిండిపోయిందా, జవాబు ఆలస్యమైందా అన్నది వెంటనే తెలుస్తుంది.

డబ్బు విషయంలో మనవాళ్ల అనుభవం అమెరికా వాళ్ల అనుభవంలా ఉండదు. ఈ ప్లాట్‌ఫారాలు ఎక్కువగా అంతర్జాతీయంగా పనిచేసే కార్డు అడుగుతాయి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2020 మార్చి 16 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులకు ఆన్‌లైన్, విదేశీ వాడకం మనం అడిగి ఆన్ చేయించుకుంటేనే పనిచేస్తుంది. చాలామంది పిల్లల దగ్గర ఉండేది స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతాకి ఇచ్చిన డెబిట్ కార్డు. అది డిక్లైన్ అయితే ప్లాట్‌ఫారమే తనను తిరస్కరించింది అనుకుంటారు. కార్డు పనిచేసినా, 2021 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్న ఆటో డెబిట్ నిబంధనల వల్ల ప్రతి నెలా డబ్బు దానంతటదే పోవాలంటే ముందుగా ఓటీపీతో అనుమతి నమోదై ఉండాలి, డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలి. విదేశీ కంపెనీలు చాలా వరకు దీనికి సిద్ధంగా లేక మొదటి నెల కట్టించుకుని రెండో నెల ఫెయిల్ అయిన సందర్భాలు కోకొల్లలు. నిబంధన మన మంచికే పెట్టింది, అనుమానం లేదు. కానీ నెల మారగానే డాష్‌బోర్డ్ తెరిచి చేత్తో కట్టాల్సి రావచ్చని ముందే తెలిసి ఉండాలి. హెరోకులో 7 డాలర్ల బేసిక్ ప్లాన్, 5 డాలర్ల చిన్న పోస్ట్‌గ్రెస్ కలిపి 12 డాలర్లు, బ్యాంకు మార్కప్ (విదేశీ చెల్లింపు రుసుము), పన్నులు కలిస్తే వెయ్యి రూపాయలు దాటుతుంది. యాప్ చేసి ఇచ్చేటప్పుడే ఈ నెలవారీ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో యజమానితో మాట్లాడుకోవాలి. చాలా చోట్ల ఆ మాట అనుకోకపోవడం వల్లే ఉచిత ప్లాన్ మీద వ్యాపారం నడపాల్సి వస్తోంది. పైగా వెర్సెల్ ఉచిత హాబీ ప్లాన్‌ని వ్యాపారానికి వాడకూడదని నిబంధనల్లోనే ఉంది.

ఉచితం ఎంతకాలం ఉంటుందన్నది కూడా మన చేతిలో లేదు. 2022 నవంబర్ 28 నుంచి హెరోకు ఉచిత ప్లాన్లు తీసేసింది. అప్పటిదాకా ప్రపంచమంతా కోర్సులు, పాఠాలు దాని మీదే ఉండేవి, ఇప్పటికీ పాత వీడియో చూసి ఫ్రీ ప్లాన్ ఎక్కడుంది అని వెతికేవాళ్లున్నారు. రైల్వే 2023లో ఉచిత ప్లాన్ ఆపేసింది, ఫ్లై 2024లో కొత్తవాళ్లకు ఉచితం ఆపేసింది. అందుకే ఎవరైనా అనుభవం చెప్తే అది ఏ సంవత్సరానిదో చూడండి. డబ్బు కట్టేవాళ్లకూ అన్నీ సాఫీగా లేవు. 2022 ఏప్రిల్‌లో హెరోకు దగ్గరున్న గిట్‌హబ్ (కోడ్ దాచుకునే సైటు) టోకెన్లు, అంటే లోపలికి వెళ్లే తాళాలు, దొంగిలించబడితే గిట్‌హబ్ కనెక్షన్ వారాల తరబడి మూసేశారు. నేరుగా గిట్ పుష్ కొట్టడం తెలిసినవాళ్లు పని కానిచ్చుకున్నారు, బటన్ నొక్కడం ఒక్కటే తెలిసినవాళ్లు ఆగిపోయారు. 2025 జూన్ 10న అదే హెరోకు దాదాపు రోజంతా పడిపోయింది, పరిస్థితి చెప్పాల్సిన స్టేటస్ పేజీ కూడా దెబ్బతింది.

మరి ఏం చేయాలి? నల్గొండలో, మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో ఐటీ టవర్లు వచ్చాయి, హైదరాబాద్ పోకుండా ఇక్కడే యాప్‌లు రాసి ఇచ్చే పిల్లలు పెరుగుతున్నారు, వాళ్లు నిలబడాలని నాకు నిజంగా కోరిక. ప్రాజెక్ట్ చూపించడానికి, నేర్చుకోవడానికి ఉచిత ప్లాన్ ధైర్యంగా వాడండి, వైవాకి ఐదు నిమిషాల ముందు ఒకసారి తెరిచి ఉంచండి. ఒకరి లెక్కలు అందులో ఉంటే మాత్రం యాప్‌కీ డేటాబేస్‌కీ రెండింటికీ డబ్బు కట్టే ప్లాన్ తీసుకోండి, రెండూ ఒకే రీజియన్‌లో పెట్టండి, రోజూ రాత్రి డేటాబేస్ కాపీ ఒకటి ఆ ప్లాట్‌ఫారం బయట పడేలా చూడండి. ఆ కాపీని నెలకోసారైనా ల్యాప్‌టాప్‌లో ఎక్కించి తెరుచుకుంటోందో లేదో చూడాలి.

ప్లాట్‌ఫారం ఇచ్చే ఉచిత అడ్రస్‌ని దుకాణం వాళ్లకు ఇవ్వకండి, ఏడాదికి వెయ్యి రూపాయల లోపు దొరికే సొంత డొమైన్ (వెబ్ అడ్రస్) కొనిపించండి, రేపు ప్లాట్‌ఫారం మార్చాల్సి వస్తే గుమస్తా ఫోన్‌లో ఏమీ మార్చనక్కర్లేదు, డీఎన్ఎస్‌లో (ఆ అడ్రస్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే పట్టికలో) ఒక రికార్డు మారిస్తే సరిపోతుంది. ఆ డొమైన్ యజమాని పేరు మీదే ఉండాలి, ప్లాట్‌ఫారం ఖాతాలో ఆయన ఈమెయిల్ కూడా ఉండాలి. ఎందుకంటే రాసిచ్చిన అబ్బాయికి ఉద్యోగం వచ్చి ఊరు మారతాడు, అతని కార్డు ఎక్స్‌పైర్ అవుతుంది, పేమెంట్ ఫెయిల్ అయిందని మూడు మెయిళ్లు అతను చూడటం మానేసిన ఇన్‌బాక్స్‌కి వెళ్తాయి, నాలుగో మెయిల్ యాప్ ఆపేశాం అని వస్తుంది.